మా నాన్న దగ్గిన సినిమా

మా చిన్నప్పుడు... అద్దంకి దగ్గర మా ఊరికి మిరపకోతల రోజుల్లో టూరింగ్ టాకీస్ వచ్చేది. డేరా కింద ఇసక నేల. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో తాటాకు తడిక. అందరూ కళ్లాల్లోంచి నేరుగా వచ్చేవాళ్లేమో, బట్టల్లోని మిరప ఘాటుకి ఒకటే దగ్గులు. దగ్గు లేకుండా మా ఊళ్లో సినిమా నడిచిందే లేదు!

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవ. కళ్లంలో ఎండబోసిన కాయలకి కాపలా ఉండరా అంటే మా అన్నయ్య గోళీలాటకి పోయాడు. జల్లు పడి కాయలన్నీ తడిశాయి.

నాన్న అరవలేదు. అదే భయం. "సినిమాకి మాటిచ్చాను గనక తీసుకెళ్తున్నా. ఇంటికొచ్చాక పొగ పెడతా" అన్నాడు.

పొగంటే... పిల్లాణ్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, పిడక నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి తలుపు మూసేవాళ్లు. అప్పట్లో దాన్ని పెంపకం అనేవాళ్లు లెండి! నాన్న అంతకుముందెప్పుడూ పెట్టలేదు గానీ, అన్నమాట తప్పే మనిషి కాదు.

"పెట్టరా, బుద్ధొస్తుంది. నువ్వట్టాగే బాగుపడ్డావు" అంది నాయనమ్మ, వక్క నములుతూ.

సినిమా... జమీందారు ఇంట్లో చాకిరీ చేసే తల్లిలేని పిల్ల కథ. తీసినవాడెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. మళ్లీ చూడమంటే మాత్రం నా వల్ల కాదు తల్లీ! ఆ పసిదాని చేత గొడ్డుచాకిరీ చేయించి, కడుపునిండా పెట్టేవాళ్లు కాదు. అడక్కుండా ఒక ముద్ద తిన్నదని ఆఖరికి గదిలో పడేసి మిరపకాయ పొగ పెట్టారు. పాటా లేదు, సంగీతం లేదు. మూసిన తలుపు, లోపల దగ్గు... అంతే చూపించాడు.

డేరాలో ఊరి జనం మొదటిసారి దగ్గకుండా కూర్చున్నారు. తడిక అవతల ఒక్కరికే దగ్గు ఆగడం లేదు... అది నాన్న దగ్గు!

రీలు మార్చడానికి లైటు వేశారు. తడిక సందులోంచి చూశాను. అన్నయ్య మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. నాన్న పైపంచెతో ముఖం కప్పుకుని దగ్గుతూనే ఉన్నాడు. నా పక్కన నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ తాత పొగ పెట్టినప్పుడూ వాడిట్టాగే దగ్గాడే... నేను తలుపు బయటే నిలబడ్డానే" అంది.

ఇంటికొచ్చాం. అన్నయ్య తనే పోయి ఆ గదిలో కూర్చున్నాడు, పిచ్చి సన్నాసి! నాయనమ్మ గడపకి అడ్డంగా కూలబడింది.

"పెట్టేదుంటే నాకూ పెట్టరా. నీకు పెట్టిన రోజే అడ్డం రావాల్సినదాన్ని... ఇప్పటికి వచ్చా."

నాన్న ఆమెని దాటుకుని లోపలికెళ్లి, అన్నయ్యని లేవదీశాడు. "రారా, అన్నం తిందువుగాని" అన్నాడు. పప్పూ నెయ్యీ కలిపి తనే ముద్దలు పెట్టాడు.

"కాయలు తడిశాయి నాన్నా..." అన్నాడు అన్నయ్య ఏడుస్తూ.

"ఎండుతాయి లేరా."

ఎంత ప్రేమొచ్చిందో ఆ రోజు మా నాన్న మీద! మర్నాడు ఆ గది తలుపు ఊడదీసి గొడ్ల చావిట్లో పడేశాడు. తర్వాత అన్నయ్య ఇల్లంతా బాగుచేయించాడు గానీ, ఆ గదికి ఇప్పటికీ తలుపు లేదు.

ఇప్పుడు అంతకన్నా ఘోరాలు ఫోన్లో చూస్తూనే అన్నం తినేస్తున్నాం... ఒక్కరికీ పొలమారదు. మీ ఇంట్లో ఎవరికైనా, ఏ సినిమాకైనా అలా గొంతు పట్టేసిందా? చెప్పండి, వినాలని ఉంది...