మరిచిపోతే తెరుచుకోని అర

హనుమకొండలోని మా చిన్న ఆఫీసులో పాస్‌వర్డ్‌లు దాచుకునే యాప్ ఒకటి చేశాం. ఏ బటన్ ఎక్కడుండాలో, తప్పు కొడితే ఏ మాట కనబడాలో తేల్చింది నేనే. ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా?’ అనే బటన్ మాత్రం పెట్టలేదు. అన్నిటినీ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్, అది పెట్టుకున్న మనిషికి తప్ప మాకు కూడా తెలియదు. తెలిస్తే అదేం తాళం అని అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

దాన్ని మొదట వాడింది మా బావ. ఆయనా అక్కా కలిసి వరంగల్‌లో చీరల దుకాణం నడిపేవాళ్లు. యాప్‌లో గొంతు రికార్డు చేసి దాచుకునే అర కూడా ఉంది.

“మరదలా, మీ అక్కకు ఎదురుంగ చెప్పలేని ముచ్చట ఒకటి అండ్ల చెప్పి పెట్టిన. నువ్వు ఇనద్దు మల్ల” అన్నాడొకరోజు నవ్వుతూ.

“ఇందామన్నా ఇనరాదు బావా” అన్నాను, నా డప్పు నేనే కొట్టుకుంటూ.

పరకాల రోడ్డు మీద ప్రమాదంలో బావ పోయాడు. దినాలయ్యాక ఆయన అకౌంటును అక్క ఫోన్‌లో తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. కింద, పాస్‌వర్డ్ గుర్తుకు రావడానికి బావ రాసుకున్న మాట కనబడింది: ‘పెట్టిన, తీస్కో.’

మా ఇంట్లో తాళాలు చేతిలోంచి చేతికి ఇవ్వరు, ఇస్తే జగడమవుతుందని. షట్టర్ దించాక బావ రోజూ తాళాలగుత్తి మెట్టు మీద పెట్టి ఆ మాటే అనేవాడు. అక్క వంగి తీసుకునేది.

అందుకే పాస్‌వర్డ్ ఎక్కడో రాసి పెట్టాడనుకుని అక్క అంతా వెతికింది. గల్లాపెట్టె, దేవుడి పటం వెనక, చీరల మడతలు. ఎక్కడా ఏమీ లేదు. తోచిన పేరల్లా కొట్టి చూసింది. తప్పు కొట్టినకొద్దీ యాప్ ఇంకా ఎక్కువసేపు ఆపుతుంది. దొంగలు విసిగిపోవాలని ఆ ఏర్పాటూ నేనే చేశాను.

“నువ్వే జేస్తివి గదనే, జర తెరువరాదు?”

“నాతోని కాదక్కా.”

“గిన్నేండ్లు సంసారం జేసిన. ఆయన ఏడ పెట్టిండో నాకే తెల్వకపాయె.”

నా మీద అరిచినా బాగుండేది. నాకు బావ మీద కోపం, నా తెలివి మీద అసహ్యం.

నిన్న సాయంత్రం నేను పక్కనుండగానే అక్క దుకాణం మూసి, అలవాటుగా గుత్తిని మెట్టు మీద పెట్టి, కాసేపు నిలబడి, తనే వంగి తీసుకుంది. తర్వాత అక్కడే కూర్చుని ఫోన్‌లో ఏదో కొట్టింది. ఎర్రక్షరాలు వచ్చాయి. పైకే చదివింది.

“ఫరవాలేదు. నిదానంగా గుర్తు చేసుకోండి.”

కటువుగా ఉండకూడదని ఎన్నోసార్లు మార్చి మార్చి ఎంచుకున్న వాక్యం అది.

“గిది ఎవ్వలు రాసిండ్రే?”

“నేనే అక్కా.”

“ఇంగ యాది జేస్కునుడు నాతోని అయితలేదు.”

ఫోన్ నా చేతికివ్వలేదు. మెట్టు మీద పెట్టింది.

“తీస్కో” అంది.