తొమ్మిది మిల్లీమీటర్లు

పనిచేసే చోట ఆమెను అందరూ మిల్లీమీటరమ్మ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు. అంటారన్న సంగతి ఆమెకు తెలుసు, తెలిసి కూడా అభ్యంతరం చెప్పదు. పళ్ళ డాక్టర్లు పంపే ప్లాస్టరు అచ్చును ముందు పెట్టుకుని, అందులో లేని పన్నును తయారుచేయడం ఆమె వృత్తి. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే దీపం, అదే వెర్నియర్ కొలబద్ద. కుడివైపు పన్ను లేకపోతే ఎడమవైపున్న దాని జోడీని కొలుస్తుంది. ఆ కొలతను అద్దంలో చూసినట్టు తిప్పి గీస్తుంది. గీత ప్రకారం మైనం చెక్కుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "ఉన్నదాన్ని చూసి లేనిదాన్ని చెయ్యండి. సొంత తెలివి వద్దు."

ఈ పద్ధతిలో చేసిన పళ్ళు సరిపోలేదని తిరిగి రావడం ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో జరిగేది. అందువల్ల అన్నయ్య విమానం రెక్క విరిగిందని వదిన కబురు చేసినప్పుడు, ఎలా బాగుచేయాలన్న సందేహం ఆమెకు కలగనే లేదు.

అన్నయ్య పోయి పద్నాలుగు నెలలైంది. కరెంటు మీటర్లు బాగుచేసే ఉద్యోగం ఆయనది. చిన్నతనంలో వచ్చిన ఏదో జ్వరం తరువాత ఆయన కుడి మోకాలు వంగేది కాదు. తన చేత్తో చేసిన బొమ్మ విమానాల్లో మిగిలింది ఒక్కటే. ఇంజను లేనిది, బాల్సా అనే తేలికపాటి చెక్కకు పలుచని కాగితం అతికించి చేసినది, చేత్తో విసిరితే గాలిలో తేలేది. చాలాకాలంగా ముందుగదిలో మేకుకు వేలాడుతోంది. గోడలకు రంగు వేసేవాళ్ళ నిచ్చెన జారి దాని కుడి రెక్క నుజ్జయింది.

"ముక్కలేవి వదినా?"

"ఊడ్చి పారేశాను. దాచుకుని ఏం చేసుకోను?" కుట్టుమిషను ఆపకుండానే అంది వదిన. ఆ ఇంటి ముందుగదే ఆమె దర్జీ దుకాణం. "షోకేసులో పెట్టుకునేలా చేసివ్వు, చాలు."

"షోకేసెందుకు? ఎగిరేలా చేస్తాను."

"ఎగరడమేనా, తిరిగి కూడా వస్తుందా?" వదిన నవ్వింది. "పెళ్లైన కొత్తలో రోజూ ఇదే కథ. విసిరితే చుట్టు తిరిగొచ్చి కాళ్ళ దగ్గర వాలేదట, పెంపుడు పావురంలాగా! ఏదీ చూపించండి అంటే ఎప్పుడూ రేపే. మీ అన్నయ్య కోతలకి అంతుందా?"

"కోతలు కాదు. మేడ మీంచి నేను చూశాను."

"నువ్వెప్పుడు ఆయన మాట కాదన్నావు గనక!"

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అన్నయ్య మితభాషి. తన గురించి గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్క సంగతే. ఆ ఒక్కదాన్నీ ఇంట్లో నమ్మలేదు. ఒకే ఒక్కసారి ఆ విమానం వదిన కళ్ళెదుట తిరిగి రావాలి. అంతకుమించి ఆమెకు మరేమీ అక్కరలేదు.

మూడు వారాలు పట్టింది. ఎడమ రెక్కను ఆరుచోట్ల కొలిచింది. పొడవు రెండువందల అరవై మిల్లీమీటర్లు. తిప్పి గీసి, పక్కటెముకల్లాంటి సన్నని చెక్కముక్కలు ఏడు కోసి, కాగితం అతికించి, పనిచేసే చోట తక్కెడలో తూచింది. ఊడదీసిన ఎడమ రెక్క ఆరు పాయింటు రెండు గ్రాములు, కొత్తది ఆరు పాయింటు మూడు. గరుకు కాగితంతో ఆ ఒక్క పాయింటునూ అరగదీసింది.

ఆదివారం ఉదయం గాలి లేదు. వదినను పక్కన ఉంచుకుని, బడి మైదానం మెట్ల మీద నిలబడి విసిరింది. విమానం లేచింది, తేలింది, గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. మైదానం దాటి, గోడ దాటి, సైకిళ్ళ షెడ్డు రేకుల మీద వాలింది.

"బాగానే పెంచావు పావురాన్ని," అంది వదిన. నవ్వుతూనే వేలి కొసతో కన్ను తుడుచుకుంది. "పోనీలే. కోతలైతే మాత్రం ఏం, ఆయన చెబుతుంటే వినడానికి బాగుండేది."

కాపలాదారు గడకర్రతో విమానాన్ని దింపి ఇచ్చాడు. దారిపొడవునా ఆమె ఒకటే మాట: "కొలతల్లో తేడా లేదు వదినా. ఎడమది ఎంతో కుడిది అంతే."

"కుడిదాన్ని ఎలా కొలిచావు? ముక్కలు నేను పారేశాను కదా?"

"ఎడమది కొలిచి తిప్పాను."

వదిన నడిరోడ్డు మీద ఆగిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక చెయ్యి కొలిచి రెండు చేతులూ కుడతారుటే ఎవరైనా? మనిషన్నాక రెండు భుజాలూ ఒకలా ఉంటాయా? మీ అన్నయ్య కుడివైపు ఒరిగి నడిచేవారు. చొక్కా అంచు అటువైపు అరంగుళం తగ్గించి కుట్టేదాన్ని. పుట్టినప్పటి నుంచీ చూశావు, ఎప్పుడైనా కనిపెట్టావా?"

ఆమె కనిపెట్టలేదు.

"ఆ విమానం పెట్టె ఉండాలి," అంది వదిన. "అందులో బాబిన్లు పోసుకున్నాను."

ఇంటికి వచ్చి దారపు చుట్టలన్నీ బల్ల మీద కుమ్మరిస్తే పెట్టె అడుగున ఫోమ్ మెత్త కనిపించింది. అందులో విమానం ఆకారం ఒద్దికగా కోసి ఉంది. ఆమె వెర్నియర్ తీసింది. ఎడమ గుంట రెండువందల అరవై. కుడి గుంట రెండువందల యాభై ఒకటి. ఫోమ్ కాలంతో కుంగుతుంది నిజమే, కాని రెండువైపులా ఒకేలా కుంగాలి. మళ్ళీ కొలిచింది. తొమ్మిది తేడా. కుడి రెక్క పొట్టిదైతే అటువైపు గాలి ఊతం కొద్దిగా తగ్గుతుంది. విమానం అటు ఒరుగుతుంది. ఒరిగినది తిన్నగా పోదు, చుట్టు తిరుగుతుంది. అన్నయ్య అది కావాలనే చేశాడు.

మూత లోపలివైపు పెన్సిలుతో నెల, సంవత్సరం రాసి ఉన్నాయి. చూసి ఆమె కుర్చీలో కూర్చుంది.

అంతకుముందు అన్నయ్య చేసిన విమానాలన్నీ తిన్నగానే ఎగిరేవి. ఆయన విసిరేవాడు, ఆయన మోకాలు వంగదు కనుక ఆమె పరుగెత్తి తెచ్చేది. తొమ్మిదో తరగతిలో స్నేహితురాళ్ళు నవ్వారని ఒక సాయంత్రం "ఇక నేను రాను" అంది. అన్నయ్య ఎందుకని అడగలేదు. మూత మీద ఉన్న నెల దానికి సరిగ్గా నాలుగు నెలల తరువాతది.

"ఏమైందే?" అంది వదిన.

చెప్పింది. దారపు చుట్టలను ఒక్కొక్కటే రంగులవారీగా పేర్చుతూ, "చిన్నపిల్లవి," అంది వదిన. "ఆయన నీ మీద ఒక్క మాట అన్నది నేను వినలేదు."

"అని ఉంటే బాగుండేది వదినా."

రెండో రెక్కకు తొమ్మిది రోజులే పట్టింది. ఈసారి ఆమె దేన్నీ తిప్పి గీయలేదు. గుంటలో కాగితం పరిచి, దాని అంచు ప్రకారమే కోసింది.

మళ్ళీ అదే మైదానం. ఆమె మెట్ల మీది నుంచి విసిరింది. విమానం లేచింది. కొంతదూరం తిన్నగానే పోయింది. అప్పుడు కుడి రెక్క మెల్లగా కిందికి ఒరిగింది. విమానం మలుపు తీసుకుంది, మైదానం అవతలి అంచును చుట్టింది, ఎండ రెక్కల మీద ఒకసారి మెరిసి మాయమైంది. అది వాళ్ళ వైపే రావడం మొదలుపెట్టింది.

వదిన అప్రయత్నంగా రెండడుగులు ముందుకు వేసింది. విమానం ఆమె తల మీదుగా దిగి, మట్టిని రాసుకుంటూ వెళ్ళి ఆగింది.

"నిజమేనండీ," అంది వదిన. ఆమె ఆడపడుచు వైపు చూడలేదు. విమానం ఆగిన చోటునే చూస్తోంది. "నిజమే."

విమానం పన్నెండడుగుల దూరంలో ఉంది. తీసుకురావడానికి మిల్లీమీటరమ్మ బయలుదేరింది. వదినను కాసేపు ఒంటరిగా వదలాలని తొందరపడకుండా నడిచింది. అయినా పన్నెండడుగులు ఎంతసేపు? వంగి చేతుల్లోకి తీసుకుంటుంటే, అది పరుగెత్తి తేవాల్సినంత దూరంలో పడి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.