జీడిపొగలో ఒంటికాలి లారీ

నిన్న మా షెడ్డులో లారీ గేరుబాక్సు అడుగు బోల్టు విప్పి పాత ఆయిలు పళ్ళెంలోకి వదిలాను. ఎర్రగా ఉండాల్సింది డికాషనులా నల్లబడిపోయింది. వేలికి అంటించుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాడు వాసన! అంతే, నా చిన్నప్పటి పలాస మొత్తం, జీడిగింజలు వేపే బట్టీలతో సహా, ఆ వేలి చివరికి వచ్చి కూర్చుంది.

అప్పట్లో వీధికో బట్టీ ఉండేది. గింజల పెంకులోంచి కారిన నూనె భగ్గున మండి, పొగ ఇళ్ళ మీదుగా పాకి, ఆరేసిన బట్టల్లో, చద్దన్నంలో, అమ్మమ్మ జడలో కూడా చేరిపోయేది. వేసవిలో జీడిమామిడి పళ్ళు చీకి, గౌను నిండా వదలని మరకలు చేసుకుని, తాటిముంజెల నీళ్ళతో మూతి కడుక్కుని, అరుగు మీద చింతపిక్కలాటకు కూర్చుంటే ఆ పిక్కలకూ అదే ఘాటు. రైలు దిగిన పొరుగూరివాళ్ళు ముక్కు మూసుకుంటుంటే, ఏ వాసనకి మూసుకుంటున్నారో మాకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే మా అమ్మ తమ్ముడు, మావయ్య, విశాఖలో పాత సామాన్ల వేలంలో ఒక లారీ కొని తెచ్చాడు. దానికి ఎడమకాలితో తొక్కే క్లచ్ లేదు. గేర్లు దానంతటదే మార్చుకుంటుందని మావయ్య చెబితే నమ్మినవాళ్ళు లేరు. అలవాటు కొద్దీ అతని ఎడమకాలు ఉత్త రేకును దబదబా తొక్కుతుంటే, ఊరంతా నవ్వి దానికి ‘ఒంటికాలి లారీ’ అని పేరు పెట్టింది. కొన్న డబ్బు అమ్మమ్మ జీడితోట తాకట్టు పెడితే వచ్చింది, కాబట్టి నవ్వనిది ఆవిడ ఒక్కతే.

అత్త, అంటే మావయ్య భార్య, ఇచ్ఛాపురం అవతల సముద్రపొడ్డునున్న డొంకూరు పిల్ల. వాళ్ళ అన్న, పలాసలో చెక్క మంచిదని ఇక్కడే కొత్త పడవ చేయించాడు. గంగమ్మ పూజ నాటికి దాన్ని డొంకూరు చేర్చాలి. పడవను ట్రాలీ మీద కట్టి, ఒంటికాలి లారీకి తగిలించి, మావయ్య, అత్త, నేను బయల్దేరాం. ఊరి చివర అత్త ముక్కు ఎగరేసింది.

“బావా, ఏదో మాడతన్నాది.”

“పలాసలో మాడకపోతే ఎక్కడ మాడతాదే? జీడిబట్టీ అది. నోర్మూసుకుని కూకో.”

నాకూ బట్టీ అనే అనిపించింది. పుట్టినప్పటి నుంచీ మాడు వాసనలోనే ఊపిరి పీల్చేవాళ్ళకి కొత్త మాడు ఎలా తెలుస్తుంది? సుమ్మాదేవి రైలు స్టేషను పక్క ఎత్తు ఎక్కుతుండగా లారీ గట్టిగా అరిచి, కదలడం మానేసింది. చుట్టూ కొబ్బరితోటలే.

“ఇక్కడ ఏ బట్టీ ఉంది బావా? నీ లారీయే ఏపతన్నాది గింజలు!” అంది అత్త.

చల్లారాక లారీ కదిలింది గానీ, తిరిగి ఇంటికే తెచ్చుకున్నాం. అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి తేల్చేసింది: “పూజ నాటికి పడవ సముద్రం సూడకపోతే, దీన్ని తూకానికి అమ్మేత్తాను. ఇంక నన్నేటీ అడక్కండి.”

మావయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు దేన్నైనా లెక్కబెట్టే పిచ్చి అప్పటికే ఉంది. మర్నాడు నా జడ రిబ్బను వెనక చక్రానికి కట్టి, లారీని నడపమన్నాను. ఖాళీగా వెళ్తే ఇంజను మోతా, రిబ్బను తిరుగుడూ జోడుగా సాగాయి. పడవతో ఎత్తు ఎక్కిస్తే మోత ఆకాశానికి అంటింది, రిబ్బను మాత్రం బద్ధకంగా చుట్టు తిరిగింది.

“మావయ్యా, ఇంజను పరిగెడతన్నాది, చక్రం నడుస్తన్నాది. మిగతా పరుగంతా ఏటయిపోతన్నాది?”

మావయ్య నా వైపు చూశాడు, లారీ కిందికి చూశాడు, ఒక్కసారిగా తొడ చరిచాడు. “వేడైపోతన్నాదే గుంటా! క్లచ్ బదులు గేరుబాక్సులో ఉన్న ఆయిలు చిలికి చిలికి మరిగిపోతన్నాది!”

ఇక ఇంట్లో పండగే. మూతపడిన ఐసుమిల్లు నుంచి రాగి గొట్టపు చుట్ట ఒకటి దొరికింది. దాన్ని రేడియేటరు ముందు గాలి తగిలేచోట బిగించి, గేరుబాక్సు ఆయిలు అందులోంచి తిరిగి చల్లబడి వెనక్కి వచ్చేలా పైపులు కలిపాం. కొత్త ఆయిలు పోశాం. ఎత్తులో లారీ పై గేరుకీ కింది గేరుకీ ఊగిసలాడకుండా, లివరును కింది గేరులోనే నిలపాలని మావయ్య కనిపెట్టాడు. అత్త గొట్టం మీద పసుపు పూసి బొట్టు పెట్టింది.

పూజ నాటి ఉదయం మళ్ళీ బయల్దేరాం. సుమ్మాదేవి ఎత్తు దగ్గర ముగ్గురం ఊపిరి బిగబట్టాం. దాటింది! మందస, సోంపేట, ఇచ్ఛాపురం. వీధుల్లో పిల్లలు తెలుగులోనూ ఒడియాలోనూ కేకలేస్తూ పడవ వెంట పడ్డారు. చివరికి డొంకూరు ఇసుకదిబ్బ వచ్చింది. దాని అవతలే సముద్రం. అత్త అన్న నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏటి బావా, దీనికి రెండో కాలు తెచ్చుకోనేదా?”

“నీ పడవకి తెడ్లున్నాయో నేదో ముందు సూసుకో!”

మత్స్యకారులు చక్రాల కింద కొబ్బరిమట్టలు పరిచారు. ఇంజను గర్జించింది. చక్రాలు ఇసుకలో దిగబడి, మట్టలు పట్టుకుని, బెత్తెడు, మూరెడు, బారెడు కదిలాయి. మావయ్య అత్త వైపు తిరిగి అరిచాడు. “ముక్కెట్టి సూడే!”

అత్త కిటికీలోంచి మెడ బయటికి పెట్టింది. “ఏటీ నేదు బావా! ఉప్పుగాలే! తొక్కు!”

దిబ్బ ఎక్కేశాం. ఎదురుగా సముద్రం. ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లుతుంటే, లారీలోంచి ముందుగా దిగి గంతేసింది మావయ్యకి పనిలేని ఆ ఎడమకాలే. ఆ మధ్యాహ్నం తిన్న చేపల పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇప్పుడు నా లారీ కూడా క్లచ్ లేనిదే. టెక్కలి రాతిదిమ్మల ట్రైలరు లాగుతుంది. నిన్న పెద్ద ఆయిలు కూలరూ, వేడి చూపే ముల్లూ బిగించాను. ఇవాళ దిమ్మతో సుమ్మాదేవి ఎత్తు ఎక్కిస్తుంటే, జుట్టంతా తెల్లబడిన అత్త పట్టుబట్టి పక్క సీట్లో కూర్చుంది. మావయ్య లేడు, ఐసుమిల్లు లేదు. జీడిగింజలు ఇప్పుడు యంత్రాల్లో ఆవిరికి ఉడుకుతున్నాయి, పొగ లేదు. ముల్లు ఉండాల్సినచోటే నిలిచి ఉంది. అయినా అడిగాను.

“అత్తా, ఏటైనా వాసనొత్తన్నాదా?”

ఆవిడ అద్దం దించి, కళ్ళు మూసుకుని, గాలి నిండా పీల్చింది. “ఏటీ నేదు గుంటా!” అంది సంబరంగా.

ఎత్తు దిగాక, అద్దం పైకెత్తకుండానే ఇంకోసారి పీల్చి చూసింది.

“ఏటీ నేదు,” అంది.