ముక్కు కొలతా, తాబేలు కూరా

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వేసిన మరుసటేడు, శివరాత్రి మర్నాడు, పొద్దున్న తొమ్మిది గంటలకి జరిగిందిది. అప్పట్లో అక్షరం ముక్క రానివాడికి గంటలెలా తెలిశాయంటారా? గుమాస్తాగారు జేబు గడియారం తీసి గట్టిగా చెప్పాడు, విన్నాను. చదువు అరవై దాటాక వచ్చింది గానీ చెవులు మొదట్నించీ బాగానే పనిచేశాయి.

పట్టిసీమ తీర్థం ఇంకా చెదరలేదు. ఇసకలో కుర్చీ వేసుకుని ఒక దొర, కొండల్నించి దిగిన కోయవాళ్ల ముక్కులు కొలుస్తున్నాడు. ఏ జనం ఎక్కణ్నించి వచ్చారో, ఎవరికి ఎవరు చుట్టాలో ఆ కొలతల్లో తేలుతుందని ఆ దొర గుమాస్తాగారు చెప్పాడు. నా గుండె ఎగిరి గంతేసింది. నాక్కావలసిందీ అదే!

మా తాత ఆనకట్ట కట్టే రోజుల్లో రాళ్లు మొయ్యడానికి మన్యం నించి దిగిన కోయవాడు. అక్కడే మట్టి తట్టలు మోసే మా నాయనమ్మని కట్టుకుని రామచంద్రపురం పక్కన ఉండిపోయాడు. ఆవిడది కింది దేశం, గట్ల సంగతి తెలీదు. తాత పోయాడు, నాన్నా పోయాడు, మాది ఏ గట్టో చెప్పేవాడు లేడు. గట్టంటే తండ్రి వైపు వంశం. ఒకే గట్టు వాళ్లు అన్నాచెల్లెళ్లు, పెళ్లి మాటే లేదు. నేను వెదుళ్ల కోసం ఏటా పడవేసుకుని వెళ్లే ఊళ్లో ఒక పిల్ల ఉంది. తనకీ ఇష్టమే. వాళ్ల నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "గట్టు తెలియనివాడికి పిల్లనిచ్చి, రేపు అన్నకే ఇచ్చానని తేలితే ఏం చెయ్యను? ఈ తీర్థంలోగా తేల్చుకో. లేదా వేరేచోట మాటిచ్చేస్తా" అన్నాడు.

అందుకని, నాతో తీర్థానికొచ్చిన నాయనమ్మని ఒడ్డున కూచోబెట్టి నేనూ వరసలో దూరాను. పీత డెక్కల్లాంటి ఇనప సాధనం నా ముక్కుని రెండు పక్కలా పట్టుకుంది. "నాలుగు సెంటీమీటర్లు!" అని అరిచి రాసుకున్నాడు గుమాస్తా. నా వెనకే, తీర్థానికి ఇంటిల్లిపాదితో దిగిన ఆ పిల్ల అన్న నిలబడ్డాడు. అతనిదీ నాలుగే!

"ఒకటే ముక్కు. ఇంకేముంది, మా గట్టే" అన్నాడు వాళ్ల నాన్న. నేను నా ముక్కు తడుముకున్నాను.

అప్పుడు ఆ పిల్ల ముందుకొచ్చింది. "గుమాస్తాగారి ముక్కు కూడా కొలవమనండి."

"నాదెందుకే?" అని ఉలిక్కిపడ్డాడు ఆయన.

"చుట్టాలు తేలాలి కదండీ."

దొరకి సంగతి తెలిసి నవ్వు ఆపుకోలేక, ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి కొలిచాడు. నాలుగు!

"అయితే ఈయనా మా అన్నే. అన్నయ్యా, తీర్థానికొచ్చావు, చెల్లెలికి గాజులేవి?" అంది.

ఇసకంతా నవ్వింది. వాళ్ల నాన్న కూడా నవ్వి కళ్లు తుడుచుకుని, "ముక్కు మాట పోయింది సరే. గట్టు తేలలేదుగా. ముందు తినండి, సాయంత్రం కొండెక్కే ముందు నా మాట చెబుతా" అన్నాడు.

ఆ మాట ఏంటో నాకు తెలుసు, పిల్లని వేరేచోట ఇస్తాననే. ఆకులో వేడివేడిగా తాబేలు కూర వేశారు. మా ఇంట్లో తాబేలు వండరు. అయినా మామ మెప్పు కోసం ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాను. పక్కన కూచున్న మా నాయనమ్మ నా చెయ్యి మీద ఫట్‌మని కొట్టింది. ముద్ద ఇసకలో పడింది.

"సిగ్గులేదట్రా? మీ తాత తాబేల్ని గడప తొక్కనిచ్చాడా? కాలవలో కనబడితే దణ్ణం పెట్టేవాడు. నేనోసారి నవ్వితే వారం రోజులు మాట్లాడలేదు, మొండి ముసలాడు!"

వాళ్ల నాన్న చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "ఏమన్నావ్ అవ్వా? మళ్లీ చెప్పు."

చెప్పింది, ఈసారి తిట్లతో సహా.

ఆయన లేచి నిలబడ్డాడు. "తాబేలు ముట్టని గట్టు ఒకటే ఉందిరా! మేం తింటాం. మా పిల్లల్ని తరతరాలుగా ఇచ్చేది వాళ్లకే! ఇన్నేళ్లూ ఈ ముక్క చెప్పలేదేం అవ్వా?"

"నన్నెవరడిగారు? అందరూ ముక్కులు పట్టుకు చూస్తుంటేనూ!"

"చెయ్యి కడుక్కో బావా" అంటూ చెంబు అందించాడు పిల్ల అన్న. బావా అన్నాడు! నేను చెయ్యి కడుక్కోలేదు, గోదాట్లో దూకేశాను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు వీళ్లు: దొర, నిజంగానే గాజులు కొనిపెట్టిన గుమాస్తాగారు, మా మామ, మా బావమరిది, తిట్టి పెళ్లి కుదిర్చిన మా నాయనమ్మ, తడిబట్టలతో నేను, ఒడ్డున నుంచుని "పిచ్చోడు" అన్న మా ఆవిడ.