టీకి గడి లేని ఫారం

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి వేసవిలో, ఏలూరులోని మా మద్యవిమోచన కేంద్రంవారు నన్ను పెదపాడు అవతల కొల్లేటి ఒడ్డునున్న ఒక ఊరికి ఫీల్డ్ వర్కరుగా వేశారు. నేను ఆ కేంద్రంలో చేరింది వాచ్‌మన్‌గా. నలభై దాటాక వయోజన విద్య తరగతిలో అక్షరాలు దిద్దాను. రాయడం వచ్చింది గనుక చేతికి ప్యాడూ పెన్నూ వచ్చాయి.

ఆ ఊళ్ళో జరిగింది పరిశోధన. తాగుడు మానాలనుకున్న వాళ్ళందరికీ డాక్టరు, మాత్రలు ఉంటాయి. అందులో సగం మందిని అదనంగా ప్రతి ఆదివారం మీటింగులో కూర్చోబెడతారు. మీటింగంటే మానేసినవాళ్ళూ మానబోయేవాళ్ళూ చుట్టూ కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడం. అక్కడ డాక్టరుండడు, ఉపన్యాసముండదు. దానివల్ల లాభమెంతో తేలాలంటే మిగతా సగం మంది దానికి దూరంగా ఉండాలి. ఎవరు ఎటువైపన్నది సీలు వేసిన కవరు తేలుస్తుంది. అందులో మన ఇష్టం లేదు, డాక్టరుగారి ఇష్టమూ లేదు.

మీటింగులో పేర్లు చెప్పుకోనక్కరలేదన్నది ఇంకో నియమం. మీటింగు జరిగే చేపల ప్యాకింగ్ షెడ్డులో నేనది చదివి వినిపించగానే ఒకతను లేచి, నా పేరు చెప్పనండి, అన్నాడు. పక్కనున్న పెద్దాయన, "చెప్పకురా అల్లుడూ. నీ బారసాలకి బూరెలు తిన్నవాణ్ణి, నాకు తెలుసులే," అన్నాడు.

మానతానని చేరినవాళ్ళలో సూరిబాబు ఒకడు, వలజట్టు మనిషి. చేపల చెరువు పట్టుబడి రోజున వల లాగే జట్టు అది. ఒకడు తూలితే అందరి చేతుల్లోనూ వల వదులవుతుంది. అతని వల్ల రెండుసార్లు వదులైంది. జట్టు పెద్దని మేస్త్రి అంటారు. ఆ మేస్త్రి, మీటింగుకెళ్తే జట్టులో ఉంటావు, లేకపోతే లేదు, అని తేల్చేశాడు. తీరా కవరు విప్పితే సూరిబాబు ఉత్త మాత్రల వైపు పడ్డాడు.

"బాబాయ్ గారూ, నా కవరు మార్చండి."

మారదన్నాను.

"అయితే మేస్త్రికేం చెప్పమంటారండీ? కవరు ఒప్పుకోలేదని చెప్పనా?"

పరిశోధనలోంచి తప్పుకోమన్నాను. తప్పుకుంటే మాత్రలు ఆగిపోతాయేమోనని భయపడ్డాడు. నేనూ అంతే అనుకున్నాను. ఆగవని, చేరేటప్పుడు సంతకం పెట్టించే ఒప్పుదల కాగితంలోనే ఉంది. ఆ కాగితం వాళ్ళకి చదివి వినిపించింది నేనే. అక్షరం తప్పకుండా చదివాను, అర్థం చేసుకోవడమే మరిచాను.

మరుసటి ఆదివారం సూరిబాబు టీ క్యానుతో షెడ్డు ముందు తయారయ్యాడు. "మీటింగుకి రావద్దన్నారు గానీ టీ ఇవ్వొద్దన్లేదు కదండీ," అన్నాడు. మేస్త్రికి కావలసింది అతను షెడ్డు వైపు వెళ్ళడం. అది జరిగింది. గ్లాసులు ఖాళీ అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడేవాడు. అంత నెమ్మదిగా టీ తాగే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు.

ఇది చూసి మాత్రల వైపువాడే ఒకడు గ్లాసులు కడగడానికొచ్చాడు. ఇంకొకడు కుర్చీలు వేయడానికొచ్చాడు. మోటార్ సైకిళ్ళకి కాపలా అంటూ ఇద్దరొచ్చారు. నెల తిరిగేసరికి లోపలికంటే గుమ్మం దగ్గరే ఎక్కువమంది ఉన్నారు.

నా ఫారంలో "మీటింగుకు హాజరు" అన్నచోట అవును, కాదు అని రెండు గడులు. సూరిబాబుకి "కాదు" దగ్గర టిక్కు పెట్టి, రిమార్కుల్లో రాసేవాణ్ణి: టీ ఇచ్చెను, గుమ్మము వద్ద నిలబడెను. అలా రాయడం ఒక్క వారం కూడా మానలేదు.

కొన్నాళ్ళకి పరిశోధన చూసే డాక్టరమ్మగారు కబురు లేకుండా జీపులో దిగారు. రెండు వైపులా ఫలితం ఒకేలా ఉందేమిటని ఆవిడకి అనుమానం. గుమ్మం దగ్గరి జనాన్ని చూడగానే అనుమానం తీరింది.

"ఇదంతా ఎందుకు రాయలేదండీ మీరు?"

"రాశానండి. ప్రతి వారం రాశాను."

కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు రిమార్కుల గడి చదవరని అప్పుడు తెలిసింది. నేను నలభై దాటాక చదవడం నేర్చుకున్నాను. వాళ్ళు కుర్రవాళ్ళు, ఇంకా టైముంది.

ఆవిడ సూరిబాబుని వెళ్ళిపొమ్మన్నారు. అతను క్యాను కింద పెట్టాడు. "వెళ్ళమంటే ఇప్పుడే వెళ్తానండి. మంగళవారం పట్టుబడుంది. మేస్త్రి నన్ను పిలవడు. పిలవకపోతే ఆ రోజు నేనెక్కడుంటానో మీకు తెలుసు కదండీ."

డాక్టరమ్మగారు ఒప్పుదల కాగితం తీసి, నేను గబగబా చదివేసిన వాక్యం ఆవిడే నిదానంగా చదివారు. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, మాత్రలు ఆగవు. గుమ్మం దగ్గరివాళ్ళంతా అక్కడికక్కడే పరిశోధనలోంచి తప్పుకున్నారు. దాంతో ఆ ఊరి లెక్క పరిశోధనకి పనికిరాకుండా పోయింది. రిపోర్టులో ఆ ఊరు లేదు. తప్పు నాదని రాసిచ్చాను. ఈసారి మాత్రం ఆఫీసువాళ్ళు శ్రద్ధగా చదివారు.

ఇక సూరిబాబు లోపలికి రావచ్చు గనుక కుర్చీ వేశాం. కూర్చోలేదు. "నేను కూర్చుంటే టీ ఎవరిస్తారండీ?" అన్నాడు. నేను రిటైరయ్యేనాటికి జట్టులోనే ఉన్నాడు, టీ కూడా అతనే ఇస్తున్నాడు.

మీటింగు మంచిదా, మాత్ర మంచిదా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. అది తేల్చే చదువు నాకు లేదు. నేను చూసింది చెబుతాను. మానాలనుకునేవాడికి వారం వారం తప్పకుండా రావలసిన పని ఒకటి అప్పజెప్పాలి. ఫారంలో దానికొక గడి పెట్టాలి. పెట్టాక దాన్ని చదవాలి.