కిరీటం ఉన్న ఇత్తడి బిళ్ల

మా పూర్వీకులు గుడియాత్తం పక్కన మూడు ఊళ్లు ఏలారు. మిగిలింది ఒక మొండిగోడే అయినా, మా వంశం మాట వస్తే నేను ఎవరికీ తగ్గను. పోయిన ఏడాది తమ్ముడు లోహాలు పట్టే యంత్రం తెచ్చి ఆ గోడ దగ్గర వెతికితే, అరచేతంత ఇత్తడి బిళ్ల దొరికింది. చింతపండుతో తోమాను. అక్షరాలు అరిగిపోయినా కిరీటం మెరిసింది. మా రాజముద్రేనని తేల్చేశాను.

ఆ వారమే వేలూరులో మా అమ్మాయి నిశ్చితార్థం. మేమెవరమో మగపెళ్లివారికి తెలియాలని బిళ్లను పట్టు కండువాకు కుట్టించి, ఛాతీకి అడ్డంగా వేసుకుని వెళ్లాను.

పెళ్లికొడుకు తాతగారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇది యాడిది నాయనా?"

"మా పూర్వీకులది," అన్నాను గంభీరంగా.

"అట్లనా! ఇది బంట్రోతు బిళ్లప్పా! సత్తువాచారి కలెక్టరాఫీసులో ముప్పై ఏండ్లు ఇట్లాంటిదే నేనూ ఏసుకున్నా. నా దాంట్లో మూడు సింహాలు, ఈ కిరీటం తెల్లదొరలది. మీవోళ్లు గూడా దొరకి తలుపు తీసినోళ్లే!"

నా చెవులు కాలిపోయాయి. ఆయన మాత్రం నన్ను గట్టిగా వాటేసుకుని, "సమానమైన సంబంధం కుదిరింది పో!" అన్నారు. ముందు మా ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత నేనూ కన్నీళ్లొచ్చేదాకా నవ్వాను.

పరువు పోయిన ఆ సాయంత్రమంత హాయిగా నేనెన్నడూ లేను. ఇప్పుడు ఆయన కనబడితే ముందు నేనే సలాం కొడతాను. సర్వీసులో ఆయన పెద్ద కదా!