యంత్రాల హోరులో పాట

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో అతన్ని అందరూ మూగన్న అంటారు. మూగవాడేం కాదు, నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది. అవతలివాళ్ళు జాలిపడి తామే పూర్తిచేసేవాళ్ళు, అదీ తప్పుగా. చివరికి మాట్లాడటమే మానుకున్నాడు.

మీసాలు మొలిచే వయసులో ఒక పాత క్యాసెట్‌లో హెవీ మెటల్ అనే హోరు సంగీతం పాడే విదేశీ గాయకుడొకడి గొంతు విన్నాడు. ఇనుముతో ఇనుమును గీకినట్టుండే అరుపు. భాష సగం అర్థం కాలేదు. వెంట పాడి చూస్తే, నాలుక ఎక్కడా తడబడలేదు!

వదిన పరుగెత్తుకొచ్చింది. "ఒంట్లో బాగానే ఉందా మరిదీ? నీ పాటకి పొయ్యి మీద పాలు విరిగేట్టున్నాయి!"

ఆ తర్వాత ఇంట్లో పాడలేదు. లాండ్రీలో చేరాక యంత్రాల హోరులో పాడుకునేవాడు. ఎవరికీ వినపడదని ధీమా.

ఒకరోజు పొద్దున్నే ఆ గాయకుడు పోయాడని ఫోన్‌లో చూశాడు. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాడు.

"ఎవర్రా పోయింది?"

"పా... పా... పాటగాడు."

"ఓస్, అంతేనా! మనవాళ్ళెవరో అనుకుని హడలిచచ్చాను. సరే, పనిలో ఉన్నా, ఉంటా మరి."

మనవాడే అని చెప్పేలోపే అన్నయ్య పెట్టేశాడు.

పనికి వెళ్ళి, తడి దుప్పట్లు ఆరబెట్టే యంత్రంలోకి తోస్తూ ఆ గాయకుడి పాటే ఎత్తుకున్నాడు. పాటా ఏడుపూ కలిసిపోయాయి. గొంతు పతాకస్థాయికి చేరిన క్షణాన కరెంటు పోయింది. యంత్రాలన్నీ ఆగిపోయి, అరుపొక్కటే మిగిలింది.

ఇస్త్రీ బల్ల దగ్గరి పెద్దావిడ నోరెళ్ళబెట్టింది. "నువ్వా! ఇన్నేళ్ళూ యంత్రం బెల్టు అరిగి కీచుమంటోందనుకుని మెకానిక్‌ని తిట్టిపోశాను కదయ్యా!"

అతనికి నవ్వు రాలేదు. "ఆ... ఆయన... పో... పో..."

ఆమె మాట అందించలేదు. చేతిలో దిండు గలీబు పట్టుకుని, అలాగే నిలబడింది.

"పోయాడు" అన్నాడు చివరికి.

"అయ్యో. ఏదీ, ఆయన పాట వినిపించు."

ఫోన్‌లో పెట్టాడు. ఆమె చివరిదాకా విన్నది.

"అబద్ధమెందుకు తమ్ముడూ, తల పగిలిపోతోంది. కానీ పాపం, ఎవరో ఒకరు వింటే చాలని గొంతు చించుకుంటున్నట్టుంది."

కరెంటొచ్చింది. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

సాయంత్రం గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఆ గాయకుడి గురించి ఆమెకి ఇంకా ఎంతో చెప్పాలనిపించింది. రేపు ఎలా మొదలుపెట్టాలో గోడవైపు తిరిగి పలికి చూసుకున్నాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.